నరానికి మత్తు ఇస్తే కాలు పడిపోతుందా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా అమ్మకు 71 ఏళ్లు. బరువు 46 కిలోలు. షుగర్, బీపీ ఉన్నాయి. మూడేళ్ల క్రితం గుండెకు స్టెంటు వేశారు, అప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా ఉంచే క్లోపిడోగ్రెల్ మాత్ర వాడుతోంది. పోయిన కార్తీక మాసంలో తెల్లవారుజామున స్నానానికి వెళ్లి జారిపడింది. కుడి తుంటి దగ్గర ఎముక విరిగితే రాడ్డు వేశారు. ఆపరేషన్‌కు ముందు రెండు రోజులు, తర్వాత మూడు రోజులు అమ్మ పడిన బాధ చూడలేకపోయాం. ఆపరేషన్ అయిన మూడో రాత్రి నన్ను గుర్తుపట్టలేదు, సెలైన్ గొట్టం పీకేసింది. ఇప్పుడు రాడ్డుకు బిగించిన స్క్రూ ఎముకలోంచి పొడుచుకు వచ్చిందని, అంతా తీసేసి తుంటి కీలు మార్చాలని అంటున్నారు. వచ్చే నెలలో ఆపరేషన్. ‘మంచంలోనే ఉండిపోతాను గానీ ఆ నొప్పి మళ్లీ పడలేను’ అంటోంది అమ్మ. ఈసారి తొడ మొదట్లో నరాలకు మత్తు ఇస్తామని మత్తు డాక్టరు గారు చెప్పారు. మా మేనమామ మాత్రం నరానికి సూది తగిలితే కాలు పడిపోతుందని, ఆపరేషన్ అన్నాక నొప్పి ఓర్చుకోవలసిందేనని అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

సమాధానం: ఇప్పించండి. ముందు ఈ మాట చెప్పేసి, ఎందుకో తర్వాత రాస్తాను. మీ అమ్మగారి వయసు, షుగరు, పోయినసారి వచ్చిన అయోమయం, ఇవన్నీ చూసుకునే మీ మత్తు డాక్టరు గారు ఆ మాట అని ఉంటారు. పాతికేళ్లుగా ఆపరేషన్ థియేటర్లో మత్తు ఇస్తున్నదాన్ని. మీ అమ్మగారు నా దగ్గరికి వచ్చినా నేనూ అదే చెప్పేదాన్ని.

మీ మేనమామ గారి భయాన్ని కొట్టిపారేయను. ‘నరానికి సూది’ అన్న మాట వింటే ఎవరికైనా గుండె జారుతుంది. ఈ విషయంలో సగం తప్పు మా డాక్టర్లదే, మేమే ఆ మాటను అలా వాడుకలోకి తెచ్చాం. అసలు జరిగేది చెబుతాను, ఆయనకు చదివి వినిపించండి.

గజ్జలో వేళ్లు ఆనించి చూస్తే రక్తనాళం కొట్టుకోవడం తెలుస్తుంది. దానికి కాస్త బయటివైపు తొడ నరం ఉంటుంది. అల్ట్రాసౌండ్ తెర మీద ఆ రక్తనాళం నల్లని గుండ్రని చుక్కలా అదురుతూ కనిపిస్తుంది. పక్కన కండరం, దాని మీద మెరిసే సన్నని తెల్లని గీత. ఆ గీత ఒక పొర. దాని పేరు ఫేషియా ఇలియాకా. మేము సూదిని నరానికి దూరంగా, తొడ బయటివైపు నుంచి ఏటవాలుగా తీసుకొచ్చి ఆ పొరను మాత్రం దాటిస్తాం. దాటిన క్షణాన చేతికి చిన్నగా ‘టప్’మన్నట్టు తెలుస్తుంది. కొద్దిగా మందు వదలగానే తెల్లని గీత కండరం మీంచి పైకి లేస్తుంది, కింద నల్లని పాయ ఒకటి మెల్లగా సాగుతుంది. ఎన్ని వందల సార్లు చూసినా ఆ గీత లేచేదాకా నేను ఊపిరి బిగబట్టే ఉంటాను. అది లేచిందంటే మందు సరైన చోట పడినట్టే. ఎగువ మడి దగ్గర తూము ఎత్తితే నీళ్లు వాటంతట అవే దిగువ మళ్లకు పారుతాయి చూడండి, అలా మందు పొర కింద పాకి నరాలను చేరుతుంది. నరం దాకా వెళ్లేది మందే, సూది కాదు.

ఈ పద్ధతి నిన్నా మొన్నా పుట్టింది కాదు. ఫ్రాన్సులో డాలెన్స్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1989లో చిన్నపిల్లల తొడ ఆపరేషన్లకు దీన్ని వాడి వివరంగా ప్రచురించారు. అప్పట్లో తెర మీద చూసే వీలు లేదు. సూది రెండు పొరలు దాటేటప్పుడు చేతికి తెలిసే రెండు ‘టప్’లే గుర్తు. అల్ట్రాసౌండ్ లేని చోట ఇప్పటికీ అనుభవం ఉన్నవాళ్లు అలాగే చేస్తారు. యంత్రం ఉంటే మరీ మంచిది.

ఇక ప్రమాదం లెక్క. ఇలాంటి నరాల మత్తు తర్వాత శాశ్వతంగా నరం దెబ్బతినడం 10 వేల మందిలో ఇద్దరు నుంచి నలుగురికి జరగవచ్చు. కొన్ని రోజులో వారాలో తిమ్మిరి మిగిలి ఆ తర్వాత సర్దుకునేవాళ్లు అంతకంటే ఎక్కువ మందే ఉంటారు. సున్నా అని చెప్పను. మీ అమ్మగారికి షుగర్ ఉంది కాబట్టి ఒక జాగ్రత్త కావాలి. షుగర్ చాలా కాలంగా ఉన్నవాళ్లలో నరాలు ముందే కొంత నీరసించి ఉంటాయి. వాళ్లలో మత్తు ఎక్కువ సేపు నిలవవచ్చు, నరానికి ముప్పు కూడా మిగతావాళ్లకంటే కొంచెం ఎక్కువ. అందుకే పాదాల్లో మంటలు, తిమ్మిర్లు ఇప్పటికే ఉన్నాయేమో ఆవిడను అడిగి, ఉంటే ముందే డాక్టరుకు చెప్పండి. కాగితం మీద రాయించండి. పాత తిమ్మిరిని రేపు కొత్తదనుకుని అందరూ కంగారు పడకుండా ఉంటారు.

‘నొప్పి ఓర్చుకోవలసిందే’ అన్న మాట దగ్గర మాత్రం నేను ఊరుకోలేను.

నేను మెడిసిన్ రెండో ఏడు చదువుతున్నప్పుడు మా అమ్మమ్మకు తుంటి విరిగింది. ఆసుపత్రిలో కాలికి పట్టీ కట్టి, మంచం చివర నుంచి ఇటుకలు వేలాడదీశారు. నొప్పి తగ్గుతుందన్నారు. అలా బరువు కట్టడం వల్ల ఆపరేషన్‌కు ముందు నొప్పి తగ్గుతుందని తర్వాత జరిగిన పరీక్షల్లో ఎక్కడా తేలలేదు, అది వేరే సంగతి. రోజూ ఉదయం దుప్పటి మార్చడానికి ఇద్దరు ఆయాలు వచ్చేవారు. వాళ్ల చెప్పుల చప్పుడు వరండాలో వినపడగానే అమ్మమ్మ మంచం పట్టెను గట్టిగా పట్టుకునేది. ఇంకా ఎవరూ ముట్టుకోకుండానే వేళ్ల కణుపులు తెల్లబడిపోయేవి. ఆమె ఓర్చుకుంది. తిండి మానేసి, దగ్గితే నొప్పని దగ్గు ఆపుకుని, ఊపిరి లోతుగా తీసుకోకుండా ఓర్చుకుంది. ఆరో రోజున ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆ మంచం మీంచి లేవలేదు. ఆ పట్టె మీది చేతిని తలచుకునే నేను ఈ వృత్తిని ఎంచుకున్నాను.

వృద్ధుల్లో నొప్పి తనొక్కటే ఉండదు. నొప్పి ఉంటే నిద్ర ఉండదు, తిండి సయించదు, మంచం దిగరు, దగ్గరు. పోయినసారి మీ అమ్మగారు మిమ్మల్ని గుర్తుపట్టకపోవడం పిచ్చీ కాదు, మతిమరుపూ కాదు. డెలీరియం అంటాం. ఆపరేషన్ తర్వాత వృద్ధుల మెదడు తాత్కాలికంగా దారి తప్పడం అది. నొప్పి వల్ల వస్తుంది. నొప్పి తగ్గించడానికి ఎక్కువ మోతాదులో ఇచ్చే మార్ఫిన్, ట్రమడాల్ లాంటి మందుల వల్ల కూడా వస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నరాల మత్తు మాకు ఈ రెంటి మధ్య దారి చూపుతుంది. తుంటి విరిగిన పెద్దవాళ్లలో ఈ మత్తు మీద జరిగిన 49 అధ్యయనాలను, 3 వేలకు పైగా రోగుల వివరాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కొక్రేన్ సంస్థది, 2020లో వచ్చింది. మత్తు ఇచ్చిన అరగంటలోనే కదిలేటప్పటి నొప్పి తగ్గిందని, అయోమయం పడేవాళ్లు తగ్గారని అందులో తేలింది. ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ కూడా తగ్గవచ్చని, లేచి నడవడం మొదలుపెట్టేది త్వరపడవచ్చని ఆ సమీక్ష అంటుంది.

ఆ లెక్కన, ఈ మత్తు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది ఎముక విరిగి ఆసుపత్రికి వచ్చిన రోజునే, ఆపరేషన్‌కు ముందే. ఎక్స్‌రే బల్ల మీదికి మార్చడం, దుప్పటి మార్చడం, నడుముకు మత్తు ఇవ్వడానికి పక్కకు తిప్పడం, నరకమంతా వీటి దగ్గరే ఉంటుంది. బ్రిటన్ లాంటి చోట్ల చాలా ఆసుపత్రుల్లో అత్యవసర విభాగంలోనే ఇస్తారు. పోయినసారి మీ అమ్మగారికి ఎందుకు ఇవ్వలేదని మీకు కోపం ఉండవచ్చు. మన జిల్లాల్లో ఒకే మత్తు డాక్టరు రోజుకు మూడు నాలుగు ఆసుపత్రులు తిరిగే పరిస్థితి ఉంది. గర్భస్థ శిశువు ఆడో మగో చూడకుండా 1994లో తెచ్చిన చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రాన్నీ రిజిస్టర్ చేయించాలి, ఇష్టం వచ్చినట్టు ఒక చోటి నుంచి మరో చోటికి మోసుకెళ్లకూడదు. ఆ చట్టం ఉండి తీరాలి. కానీ సొంత యంత్రం సంచిలో పెట్టుకుని తిరిగే వీలు మాకు ఉండదు. ఈసారి మీ డాక్టరే ముందుకు వచ్చి చెప్పారంటే అక్కడ ఆ ఏర్పాటు ఉన్నట్టే.

ఇప్పుడు మీకు నిరాశ కలిగించే మాట ఒకటి చెప్పాలి. విరిగిన తుంటికి పనిచేసినంత గొప్పగా, ముందే నిర్ణయించుకున్న కీలు మార్పిడికి ఈ మత్తు పనిచేయదు. తుంటి కీలుకు ముందువైపు స్పర్శనిచ్చే నరాలు వేరు, వెనకవైపువి వేరు. గజ్జలో ఇచ్చే మందు వెనకవైపు నరాలను చేరదు. కాబట్టి నొప్పి బాగా తగ్గుతుంది కానీ పూర్తిగా మాయం కాదు. అమ్మగారికి ‘అసలు నొప్పే ఉండదు’ అని మాట ఇవ్వకండి. మాట తప్పితే రెండో రోజు నుంచి ఎవరి మాటా నమ్మరు. ‘పోయినసారిలా ఉండదు’ అనండి, అది నిజం.

తుంటి మార్పిడి తర్వాత నొప్పికి ఏమేమి వాడాలో ప్రాస్పెక్ట్ అనే యూరప్ నిపుణుల బృందం 2021లో సూచనలు ఇచ్చింది. వేళ తప్పకుండా పారాసిటమాల్, సరిపడేవాళ్లకు వాపు తగ్గించే మాత్రలు, ఒక మోతాదు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, వీటితోపాటు ఫేషియా ఇలియాకా మత్తు గానీ, సర్జనే గాయం చుట్టూ మత్తుమందు ఎక్కించడం గానీ చేయమంది. తొడ నరం ఒక్కదానికే మత్తు ఇవ్వడాన్ని సిఫారసు చేయలేదు, కాలి బలం మరీ తగ్గిపోతుంది కాబట్టి. మీ అమ్మగారికి షుగరూ బీపీ ఉన్నాయి కాబట్టి వాపు తగ్గించే మాత్రలు కిడ్నీల మీద భారం వేస్తాయి, బహుశా ఇవ్వరు. డెక్సామెథసోన్ షుగర్‌ను పెంచుతుంది, ఇస్తే ఆ రాత్రి షుగర్ ఎక్కువసార్లు చూడాలి. అంటే మిగతావాళ్లకు ఉన్న దారులు ఈవిడకు సగం మూసుకుపోయి ఉన్నాయి. నొప్పి మాత్రలతో కిడ్నీలు పోతాయని బంధువులు భయపెడుతూ ఉంటారు కదా, ఆ భయం నిజంగా ఉన్నవాళ్లు ముందుగా అడగవలసింది ఈ మత్తునే.

పెంగ్ అని ఇంకో రకం కూడా మీరు వినవచ్చు. 2018లో టొరంటో వైద్యులు వివరించిన పద్ధతి. కీలు ముందున్న ఎముక గట్టు మీదికి సుమారు 20 మిల్లీలీటర్ల మందు పంపుతారు. కాలి బలం చాలావరకు నిలుస్తుంది, అదే దాని గొప్ప. కానీ తొడ బయటివైపు చర్మానికి అది చాలదు, ఇంకో చిన్న ఇంజెక్షన్ తోడు కావాలి. పాత రాడ్డు తీసి కీలు మార్చేటప్పుడు కోత పొడవుగానే పడుతుంది. ఏది మంచిదో మీ డాక్టరు చూసుకుంటారు. పేరు కోసం పట్టుబట్టకండి, చేయి తిరిగినవాళ్లు ఏది బాగా చేస్తారో అదే మంచిది.

మీరు తప్పకుండా అడగవలసిన మాట ఒకటుంది. మత్తు డాక్టరు గజ్జలో ఇచ్చి, ఆపరేషన్ చివర సర్జన్ కూడా గాయంలో ఇస్తే, ఆ రెండూ ఒకే మందు, ఒకే ఒంట్లోకి వెళ్తాయి. ఇందుకు ఎక్కువగా వాడే మత్తుమందు బుపివకైన్. దానికి మామూలుగా కిలో బరువుకు 2 మిల్లీగ్రాములు హద్దు. 46 కిలోలంటే 92 మిల్లీగ్రాములు. 0.25 శాతం మందు అయితే 36 మిల్లీలీటర్లతో ఆ హద్దు వచ్చేస్తుంది, గజ్జలో ఇచ్చేదే దాదాపు అంత ఉంటుంది. మోతాదు మించితే నోట్లో ఇనుము రుచి, చెవుల్లో హోరు, పెదవుల చుట్టూ తిమ్మిరి, తర్వాత మూర్ఛ, గుండె లయ తప్పడం దాకా పోవచ్చు. దీనికి విరుగుడు ఉంది, 20 శాతం లిపిడ్ ఎమల్షన్ అనే తెల్లని మందును రక్తంలోకి ఎక్కిస్తారు. ‘అమ్మ బరువు 46 కిలోలే డాక్టర్ గారూ, మీరిద్దరూ ఇస్తారా, ఒకరే ఇస్తారా?’ అని మర్యాదగా అడగండి. మంచి డాక్టరు ఎవరూ ఆ ప్రశ్నకు నొచ్చుకోరు. మెలకువగా ఉండగా ఇస్తే, నోటి రుచి మారినా, కాలి కిందికి మెరుపు కొట్టినట్టు జివ్వుమన్నా వెంటనే చెప్పమని అమ్మగారికి నేర్పండి. మొహమాటపడి ఊరుకోవద్దనండి.

క్లోపిడోగ్రెల్ సంగతి. నడుముకు మత్తు ఇవ్వాలంటే ఆ మాత్ర ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపవలసి ఉంటుంది, లేకపోతే వెన్ను దగ్గర లోపల రక్తం కారి గూడుకట్టే ప్రమాదం. గజ్జలోని మత్తు పైపైన ఉంటుంది, రక్తం వచ్చినా చేత్తో అదిమి ఆపవచ్చు. అందుకే మాత్ర వాడుతున్నా కొందరికి ఆలోచించి ఇస్తారు. స్టెంటు వేసిన గుండె డాక్టరు, మత్తు డాక్టరు మాట్లాడుకుని తేల్చాలి. మీ అంతట మీరు మాత్ర ఆపకండి. ఇంకొకటి, గజ్జలో తామర గానీ ఒరుపు గానీ ఉంటే ఇప్పుడే చూపించి మందు రాయించండి. చర్మం పాడై ఉంటే అక్కడ సూది వేయరు. పెద్దవాళ్లు సిగ్గుపడి చెప్పరు, స్నానం చేయించేటప్పుడు మీరే చూడాలి.

ఇక ఆ రాత్రి. మీ అమ్మగారి భయమంతా దాని గురించే, నా ఉత్తరం కూడా దానికోసమే. ఒకసారి ఇచ్చిన మత్తు సుమారు 12 నుంచి 18 గంటలు పనిచేస్తుంది. ఉదయం పదింటికి ఇస్తే రాత్రి పది నుంచి తెల్లవారుజాము నాలుగు మధ్య వదులుతుంది. వార్డులో దీపాలు తగ్గించి, ఒక్క నర్సు ముప్పై మందిని చూసుకునే వేళ. సాయంత్రమంతా హాయిగా ఉందని ‘నొప్పి లేదు కదా, మాత్ర ఎందుకు’ అని చాలామంది మానేస్తారు. అర్ధరాత్రి మత్తు వదలగానే నొప్పి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది, ‘ఆ మత్తు ఎందుకూ పనికిరాలేదు’ అన్న మాట అక్కడే పుడుతుంది. కాబట్టి నొప్పి లేకపోయినా వేళకు మాత్ర పడాలి. ఈవిడ బరువుకు సాధారణంగా 650 పారాసిటమాల్ ఆరు గంటలకొకటి సరిపోతుంది, మోతాదు కేస్ షీట్లో డాక్టరు చేత రాయించండి. అది చాలని పక్షంలో ఇవ్వవలసిన మందేదో సాయంత్రమే అడిగి తెలుసుకోండి, రాత్రి రెండింటికి ఫోన్లు చేసుకుంటూ కూర్చోకుండా. సన్నని గొట్టం పెట్టి రెండు మూడు రోజులు మందు ఎక్కించే పద్ధతి కూడా ఉంది. రాత్రి చూసుకునే మనుషులున్న చోట అది మేలు.

మత్తు ఉన్నంత సేపు ఆ కాలు ఆవిడది కాదనుకోండి. మడమ పరుపుకు ఒరుసుకున్నా తెలియదు, కాబట్టి పిక్క కింద మెత్తని గుడ్డ పెట్టి మడమ తేలేలా ఉంచండి. కాపడం పెట్టకండి, వేడినీళ్ల సంచి తొడను కాల్చినా ఆవిడకు తెలియదు. మొదటిసారి నిలబెట్టే ముందు మంచం మీదే మోకాలు చాపి, మడమ ఎత్తమనండి. ఎత్తలేకపోతే ఆగండి. ఎత్తగలిగినా ఫిజియోథెరపిస్టు లేకుండా, వాకర్ లేకుండా దించకండి. బాత్రూముకు ఒక్కర్తే వెళ్లబోతుంది, మీకు కష్టం ఎందుకని. ముఖ్యంగా ఆ మొదటి రాత్రి కనిపెట్టుకుని ఉండండి.

పోయినసారి మూడో రాత్రి అయోమయం వచ్చిందన్న సంగతి మత్తు డాక్టరుకు చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పండి, ఆ ఒక్క మాటతో ఆయన ఇచ్చే మందులే మారతాయి. అమ్మగారిని ఒప్పించే భారం మీరొక్కరే మోయకండి. ఆపరేషన్‌కు వారం ముందు ఆవిడను తీసుకెళ్లి ఆ డాక్టరు ఎదుట కూర్చోబెట్టండి, మీ మేనమామ గారిని కూడా. ఆవిడ భయాలు ఆవిడే అడగాలి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు కళ్లద్దాలు మరిచిపోకండి, వినికిడి యంత్రం ఉంటే అదీ. థియేటర్ నుంచి రాగానే పెట్టండి, చూపూ వినికిడీ సరిగ్గా ఉంటే అయోమయం తగ్గుతుంది. మూడు రాత్రులూ వంతులు వేసుకోకుండా మీరే పక్కన పడుకునే వీలు చూసుకోండి. ఏ వేళ కళ్లు తెరిచినా ఆవిడకు మీ ముఖమే కనిపించాలి.